తెర మీద మిగిలిన వాక్యం

2016 జూన్ 14, మంగళవారం. మృగశిర కార్తె వచ్చి ఆరు రోజులైనా నూజివీడులో ఎండ తగ్గలేదు. తెల్లవారుజామున మాత్రం పావుగంట జల్లు పడి, నేల తడిసిందో లేదో అన్నట్టు ఆగిపోయింది. తడిమట్టి వాసన, బండ్ల మీద మిగిలిన ఆఖరి మామిడికాయల మగ్గిన వాసన కలిసి పోచిరాజు నరహరిగారి దస్తావేజుల గది దాకా వచ్చాయి. ఆ గది తాళం తీస్తూ హైమావతి, తన ప్రశ్నకు పదకొండు రోజులుగా జవాబు రాలేదని మరోసారి గుర్తు చేసుకుంది.

హైమావతికి ముప్ఫయ్యారేళ్ళు. తాను పాఠాలు చెప్పే టైపు ఇన్‌స్టిట్యూట్ మూతబడ్డాక, మూడేళ్ళ కిందట నరహరిగారి దగ్గర దస్తావేజులు రాయడం నేర్చుకోవడానికి చేరింది. నరహరిగారు డెబ్భై దాటిన మనిషి. నాలుగు హద్దులు ఆయన రాస్తే మళ్ళీ కొలిచి చూసుకోనక్కర్లేదని చుట్టుపక్కల పేరు. ఆయనకు ఒక అలవాటుంది. ఏ ప్రశ్నకూ అడిగిన రోజున జవాబు చెప్పరు. "ప్రశ్న కూడా చిత్తుప్రతి లాంటిదేనమ్మా. ఒక రాత్రి పడుకోనీ. తెల్లారేసరికి సగం ప్రశ్నలు మనల్ని మర్చిపోయి వెళ్ళిపోతాయి" అనేవారు. వెళ్ళిపోని వాటికి కూడా ఆయన నేరుగా చెప్పింది తక్కువ. అప్పుడే ఎదురుగా జరుగుతున్నదేదో ఒకటి చూపించి ఊరుకునేవారు.

ఆ ప్రశ్న పుట్టింది ఊటుకూరి పేరయ్యగారి వల్ల. డెబ్భయ్యారేళ్ళ మనిషి, తొమ్మిది ఎకరాల మామిడితోట ఆసామి. జూన్ మూడున పెద్దకొడుకు గోవర్ధనాన్ని వెంటబెట్టుకుని వీలునామా రాయించడానికి వచ్చాడు. తోట, ఇల్లు సమస్తం పెద్దవాడికే. రెండోవాడు శేషగిరికి ఏమీ లేదు. పద్నాలుగేళ్ళ కిందట పేరయ్య ఒక సేటుకి కాపు ఇస్తానని మాట ఇచ్చి పొరుగూరు వెళ్తే, శేషగిరి ఆ కాపును మరొకరికి అమ్మేశాడు. ఆ ఏడాదే ఇల్లు వదిలి ఏలూరు వెళ్ళి, నీటి మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. అప్పటినుంచి తండ్రీకొడుకులకు మాటల్లేవు.

"ఇవ్వనని రాస్తే చాలు పేరయ్యగారూ, కారణం రాయనక్కర్లేదు" అన్నారు నరహరిగారు.

"కారణమే రాయాలి పంతులుగారూ. పెద్ద అక్షరాలతో, లావుగా రాయాలి. నేను పోయాక కూడా వాడు చదువుకోవాలి" అన్నాడు పేరయ్య.

"అవునండీ, సేటు ముందు మా నాన్న తల దించుకున్న రోజు నేను మర్చిపోలేను" అన్నాడు గోవర్ధనం పక్కనుంచి.

హైమావతి చెప్పింది చెప్పినట్టు కొట్టింది: 'నా రెండవ కుమారుడు శేషగిరి నా మాట పోగొట్టినందున నా ఆస్తిలో అతనికి ఏమీ చెందదు.' కొట్టేటప్పుడు ఆమె వేళ్ళు రెండుసార్లు తప్పాయి. వాళ్ళు వెళ్ళాక అడిగింది. "గురువుగారూ, ఒక మనిషి మీద పడిపోయిన ముద్ర ఇక చెరగదా? మనం ఒక్క మాట చెప్పి ఉండాల్సింది కాదా?"

"మనం రాసేవాళ్ళం హైమా" అని, ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

ఇక్కడ ఆ గది ఆచారం ఒకటి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కలం, సిరా ఉన్న రోజుల్లో నరహరిగారి గురువు, వీలునామా చిత్తుప్రతిని ఆ రోజే సాపు చేసేవాడు కాడట. బల్ల మీద పరిచి, కృష్ణలో ఏరుకొచ్చిన నున్నటి రాయి ఒకటి బరువు పెట్టి, తెరిచి ఉంచేవాడు. రాయించినవాడు మర్నాడు వచ్చి, తానే పైకి చదువుకుని, సరే అంటేనే సాపు. సంతకమయ్యేలోగా ఆ కాగితం మడవకూడదు. మడిస్తే రాయించిన మనిషికి మంచిది కాదని ఒక నమ్మకం. కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఆ రాయి మాత్రం ఇప్పటికీ మూల బల్ల మీదే ఉంది, దేని మీదా బరువు లేకుండా. ఆచారమూ ఉంది. గదిలో రెండు కంప్యూటర్లుంటే, మూలది వీలునామాలకే. చిత్తుప్రతిని దాని మీద తెరిచి అలాగే వదిలేస్తారు. తెర ఆరదు, పేజీ కదలదు. మామూలుగా ఒక రాత్రి, మహా అయితే రెండు. ఈసారి పేరయ్యకు జ్వరం తగలడంతో ఆ పేజీ పదకొండు రోజులు కదలకుండా నిలబడింది.

ఆ మంగళవారం పొద్దున ముందున్న కంప్యూటర్ మొరాయించింది. తొమ్మిదింటికల్లా ఒక కౌలు పత్రం కావాలి. హైమావతి కాసేపు తటపటాయించి, మూల కంప్యూటర్‌లోనే ఆ పత్రం తెరిచింది. కౌలు పత్రం వెనక, ఖాళీగా ఉండాల్సిన చోట, పాత గోడ మీద సున్నం వేసినా కనబడే రాతలా, బూడిదరంగులో అక్షరాలు. 'శేషగిరి', 'మాట పోగొట్టినందున', 'ఏమీ చెందదు'. ఆమె కౌలు పత్రం మూసింది. వీలునామా కూడా మూసింది. అన్నీ మూసినా ఆ వాక్యం అక్కడే ఉంది.

కళ్ళద్దాల గుడ్డతో తుడిచింది. తడిగుడ్డతో తుడిచింది. గోటితో కూడా ఒకసారి గీకి చూసి, గీత పడుతుందేమోనని మానేసింది. సంతకం కాకముందే తాను పేజీ మూసిన సంగతి, అంటే కాగితం మడిచినట్టేనన్న సంగతి, అప్పుడు తట్టింది. ఇవాళే రావలసిన ముసలాయన ఇంకా జ్వరంలోంచి తేరుకుంటూ ఉన్నాడు. వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే ఖాజాకి ఫోన్ చేసింది.

"అక్కా, ముందు ఆ గుడ్డ పక్కన పడెయ్యి" అన్నాడు ఖాజా నవ్వుతూ. "అది మరక కాదు. ఒకే బొమ్మ రోజుల తరబడి చూపిస్తే తెర దానికి అలవాటు పడిపోయింది. తెల్ల పేజీ నిండా పెట్టి వదిలెయ్యి. గంటకోసారి కాసేపు ఆర్పు. మళ్ళీ తెల్లదే పెట్టు. చాలావరకు పోతుంది."

"పోకపోతే?"

"పోకపోతే నేనున్నాగా, కొత్త తెర అమ్ముతా!"

ఆమె తెల్ల పేజీ పెట్టింది. నరహరిగారు వచ్చేసరికి ఏడుపు ముఖంతో లేచి నిలబడి, జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పింది. పేజీ మూసిన సంగతి కూడా దాచలేదు. ఆయన మూల బల్ల దగ్గరికి వెళ్ళి, నడుం వంచి, ఆ మసక వాక్యాన్ని తాపీగా చదివారు. కోప్పడలేదు. పార్టీలు కూర్చునే కుర్చీని మాత్రం గోడ వైపు నుంచి తెరకు ఎదురుగా జరిపించారు.

"మూసెయ్యమంటారా గురువుగారూ? ఆయన చూస్తే బాగుండదేమో."

"ఆయన రాయించిందేగా" అన్నారు.

పేరయ్య పదిన్నరకు ఆటో దిగాడు. జ్వరంతో చిక్కి, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. సాక్షులుగా రావలసిన ఇద్దరూ మామిడి మార్కెట్‌లో చిక్కుకుపోయారని తెలిసి, గోవర్ధనం వాళ్ళను తీసుకురావడానికి బండి వేసుకుని వెళ్ళాడు. పేరయ్య కుర్చీలో కూలబడి తెర వైపు చూశాడు.

"ఏవమ్మాయీ, అంతా తెల్లగా ఉంది, నా ఒక్క మాటే ఉంది. మిగతావన్నీ ఎటుపోయాయి? తోట, ఇల్లు, హద్దులు?"

హైమావతి గురువుగారి వైపు చూసింది. ఆయన ఏదో పాత నకలు చదువుకుంటున్నారు. ఇక తప్పక తానే చెప్పింది. "అన్నీ మూసేశామండీ. మీరు లావుగా రాయమన్నది మాత్రం పోలేదు. పదకొండు రోజులు అదే చూపించాం కదా, తెర పట్టేసుకుంది. ఇవాళ పొద్దున దీని మీద ఎవరిదో కౌలు పత్రం తెరిస్తే, అందులో కూడా మీ శేషగిరి పేరే కనిపించింది."

"ఎవరి పత్రంలోనో మావాడి పేరా!" పేరయ్య నవ్వబోయి ఆగిపోయాడు. మెల్లగా అన్నాడు. "మా ఇంట్లోనూ అంతే. నా మనవరాలి పేరు పెట్టే రోజున కూడా ముందు వాడి ఊసే వచ్చింది."

టీ వచ్చింది. హైమావతి గంటకోసారి తెర ఆర్పింది, కాసేపయ్యాక వెలిగించింది. వెలిగించిన ప్రతిసారీ పేరయ్య ముందుకు వంగి చూశాడు. మొదట 'ఏమీ చెందదు' తోకలు పోయి, అక్షరాలు మొండిగా మిగిలాయి. తర్వాత 'మాట' అనేది ఉందో లేదో తెలియలేదు. 'శేషగిరి' అన్న పేరు మాత్రం చాలాసేపు నిలిచింది. ఒంటిగంట కావస్తుండగా తెర ఆరి వెలిగింది. పేరయ్య కళ్ళు చికిలించి చూశాడు. ఏమీ లేదు.

"దేనితో రుద్దావమ్మాయీ?"

"పొద్దున రుద్దితే పోలేదండీ."

"మరి?"

హైమావతి ఒక్క క్షణం ఆలోచించింది. "చూపించడం మానేశాం" అంది.

నకలు మీదనుంచి నరహరిగారు తలెత్తి ఆమె వైపు ఒకసారి చూసి, మళ్ళీ దించుకున్నారు.

గోవర్ధనం సాక్షులతో లోపలికి వచ్చేసరికి, పేరయ్య రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని తెల్లటి తెరకేసి చూస్తున్నాడు. "ఇదేంటి, రాసిందంతా ఏమైంది? సంతకాలు పెట్టొద్దా? నాన్నా, సేటు ముందు..."

"ఆ సేటు పోయి ఆరేళ్ళయిందిరా" అన్నాడు పేరయ్య. "పోయేదాకా ఏటా మన కాయే కొన్నాడు. ఆయన ఎప్పుడో మర్చిపోయాడు. నువ్వూ నేనూ మర్చిపోలేదు."

గోవర్ధనం సాక్షుల వైపు చూశాడు, నేలకేసి చూశాడు. బండి తాళం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత చాలా చిన్నగా అన్నాడు. "మన బోరు మోటారు వాడే చేస్తున్నాడు నాన్నా. నాలుగేళ్ళ నుంచి."

"ఎవడు?"

"శేషగిరే. నేనే ఏలూరు తీసుకెళ్తున్నా. కాలిపోయిన ప్రతిసారీ మీ ఆరోగ్యం అడుగుతాడు."

"మరి నాకు చెప్పలేదేంరా, వెధవా? పైగా ప్రతి పూటా సేటు, సేటు అని నువ్వే ఎత్తుతావు!"

"మీరు వాణ్ణి తిట్టుకుంటేనే మీ మనసుకు నిమ్మళంగా ఉంటుందనుకున్నా నాన్నా. నేను ఎత్తకపోతే వాడి పక్షమనుకుంటారేమోనని భయం."

"నువ్వు ఎత్తావు కదా అని నేను తిట్టాను" అన్నాడు పేరయ్య. సాక్షుల్లో ఒకాయన గట్టిగా నవ్వేశాడు. పేరయ్యకూ నవ్వు వచ్చింది గాని, దాంతోపాటు కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. తువ్వాలుతో ముఖమంతా తుడుచుకున్నాడు.

పేరయ్య మళ్ళీ చెప్పి రాయించిన కొత్త చిత్తుప్రతి ఆ మధ్యాహ్నమే తయారైంది. ఆచారం ప్రకారం ఆ రాత్రి తెర మీద తెరిచి ఉంచారు. కాకపోతే నరహరిగారు ఇంటికి వెళ్ళేముందు, ఆ గదిలో ఎన్నడూ లేనిది, తెర మీట తానే నొక్కి ఆర్పారు. పేజీ లోపల తెరిచే ఉంది. తెర మాత్రం పడుకుంది. మర్నాడు పేరయ్య దాన్ని తానే పైకి చదివి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టాడు.

ఆ వీలునామా ప్రకారం గోవర్ధనానికి ఇల్లు, బోరుతో సహా ఐదెకరాల తోట. శేషగిరికి రోడ్డు వైపు నాలుగెకరాలు, తల్లి చేత్తో నాటిన రసాల చెట్టు అందులోనే ఉంది. మనవరాలికి నాయనమ్మ గొలుసు. ఒక చిన్న రసాల చెట్టు కాపు ఏటేటా నరహరిగారికి చెందేటట్టు రాయమని పేరయ్య పట్టుబట్టాడు గాని, రాసిన చెయ్యి అందులో వాటా తీసుకోకూడదని ఆయన కొట్టేయించారు. అందుచేత ఆయనకు ఏమీ రాలేదు. ఆ వారమే ఏలూరు నుంచి శేషగిరి తోటకు వచ్చాడని, వచ్చినవాడు ముందు మోటారు దగ్గరికే వెళ్ళి కూర్చున్నాడని గోవర్ధనం చెప్పిపోయాడు.

రెండేళ్ళ తర్వాత నరహరిగారు పని మానుకుంటూ గదిని, కృష్ణ రాయిని, మూల కంప్యూటర్‌ను హైమావతికి అప్పగించారు. ఆ రోజు ఆమె తెర పక్కనే నిలబడి, మెడ వంచి, ఓరగా చూస్తూ పిలిచింది.

"గురువుగారూ, ఇది మీకు చెప్పలేదు. పూర్తిగా పోలేదండీ. ఇదిగో, ఈ మూల నుంచి ఇలా వంగి చూస్తే 'శేషగిరి'లో 'శే' ఇంకా లీలగా కనిపిస్తోంది."

నరహరిగారు చెప్పులు తొడుక్కుంటున్నారు. ఈసారి ఒక రాత్రి ఆగలేదు.

"కుర్చీ ఎదురుగా వేసుందిగా అమ్మా, అందులో కూర్చుని చూడు" అన్నారు.