గుండ్రటి తొట్టి

బీచ్ రోడ్డులో రంగుచేపల దుకాణం నడిపే దాలినాయుడు పక్కవాళ్లు పచ్చగా ఉంటే చూసి ఓర్వలేకపోయేవాడు. ఎదురుగా బజ్జీల బండి దగ్గర నలుగురు మూగినా ఆయనకు అన్నం సయించేది కాదు. అలాంటివాడి పక్కనే నూకరత్నం అనే ఆవిడ కొత్తగా దుకాణం తెరిచి, గుండ్రటి గాజుతొట్టిలో జెల్లీచేపలు పెట్టింది.

సాయంత్రమయ్యేసరికి జనమంతా అక్కడే. తొట్టిలో నీరు మెల్లగా తిరుగుతుంటే, ఆ చిన్న గాజు గొడుగులు ముడుచుకుంటూ విచ్చుకుంటూ తేలుతుండేవి. జనం సంగతి సరే, దాలినాయుడి భార్య ఈశ్వరమ్మ కూడా పనులు ముగించుకుని రోజూ ఆ తొట్టి ముందే నిలబడేది. అది చూసి ఆయన కడుపు రగిలిపోయేది.

"మన చేపల్ని ఏనాడైనా ఇలా చూశావా?" అని ఓ రోజు నిలదీశాడు.

"మన చేపలు నన్ను చూడగానే మేత కోసం ఎగబడతాయి. ఆ జెల్లీచేపలు నన్నేమీ అడగవు. కాసేపు ప్రాణానికి హాయిగా ఉంటుంది," అంది ఆమె.

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఎలాగైనా భార్య చూపు తన దుకాణం వైపు తిప్పుకోవాలనుకున్నాడు. వలవాళ్లను బతిమాలి నాలుగైదు జెల్లీచేపలు తెప్పించుకున్నాడు. సంగతి తెలిసి నూకరత్నమే వచ్చింది.

"అన్నయ్యా, వీటికి ఎదురీదే బలం లేదు. మూలలున్న తొట్టిలో వేస్తే మూలకు చిక్కుకుపోతాయి. గాలిబుడగలు అస్సలు వద్దు, గొడుగు కింద చేరి చీల్చేస్తాయి. నీళ్లు చల్లగా ఉండాలి. నా దగ్గర ఇంకో గుండ్రటి తొట్టి ఉంది, తీసుకెళ్లు."

"అలాగేలే చెల్లెమ్మా," అన్నాడు దాలినాయుడు. ఆమె అటు వెళ్లగానే భార్య వైపు తిరిగాడు.

"చూశావా దాని తెలివి? గాలి లేకుండా ఏ ప్రాణి బతుకుతుంది? ఇన్నేళ్లూ నా చేపల్ని బుడగలతోనే పెంచాను. అది వద్దందంటే కిటుకంతా అందులోనే ఉంది."

"మంచికే చెప్పిందేమో," అంది ఈశ్వరమ్మ. ఆయన వినిపించుకోలేదు.

దుకాణంలోకెల్లా పెద్దదైన చదరపు తొట్టిని కడిగి సముద్రపు నీళ్లు నింపాడు. అందరికీ కనబడాలని గుమ్మం ముందు ఎండలో పెట్టాడు. గాలి మోటారు గట్టిగా తిప్పి జెల్లీచేపల్ని వదిలాడు.

"సాయంత్రం నువ్వు నిలబడేది ఇక్కడే," అన్నాడు భార్యతో.

సాయంత్రం ఈశ్వరమ్మ నిజంగానే అక్కడ నిలబడింది. గొడుగుల కింద బుడగలు చేరి కొన్ని తలకిందులుగా పైకి తేలాయి. మిగతావి మూలల్లో ఒకదాని మీద ఒకటి పడి చిరిగిపోయాయి. ఒక్కటి మాత్రం ఇంకా కదులుతోంది. చూడ్డానికి వచ్చినవాళ్లు ముఖాలు తిప్పుకుని వెళ్లిపోయారు.

"ఆవిడ మీది కోపం వీటి మీద తీర్చుకున్నారా?" అంది ఈశ్వరమ్మ.

దాలినాయుడికి తల కొట్టేసినట్టయింది. మిగిలిన ఆ ఒక్కదాన్ని నీళ్లతో సహా గిన్నెలోకి తీసుకుని పక్క దుకాణానికి పరుగెత్తాడు. నూకరత్నం దాన్ని తన తొట్టిలో వదిలింది. అంచు చిరిగిన ఆ గొడుగు కాసేపు అడుగునే పడి ఉండి, నీటి వాలుకు మెల్లగా లేచింది.

మర్నాడు సాయంత్రం ఈశ్వరమ్మ పక్కన ఆయన కూడా నిలబడ్డాడు.

"ఆ రెండో తొట్టి ఇంకా ఉందా చెల్లెమ్మా?" అని అడిగాడు నేల చూస్తూ.

"ఉంది అన్నయ్యా. ముందు వెళ్లి నీ గాలి మోటారు కట్టేసి రా," అంది నూకరత్నం.

అసూయ నిండిన చెవికి హితవు కూడా కుట్రలాగే వినిపిస్తుంది. దానివల్ల ముందుగా నష్టపోయేది ఏ పాపమూ ఎరుగనివాళ్లే.