అంటు కింద చిగురు

దమ్ముంటే నమ్మండర్రా. నల్లకోన అడవిలో ఒక కొండముచ్చు తన మామిడి మొక్కని తన చేతులతోనే చంపుకుని, ఐదేళ్ళు దానికే నీళ్ళు మోసి, పేడ వేసి, కాపలా కాశాడు. పైగా చెట్టు మాత్రం బతికే ఉంది! అబద్ధం అనుకునేవాళ్ళు లేచి వెళ్ళిపోండి, నేనేం బతిమాలను. కూర్చున్నవాళ్ళు మధ్యలో ప్రశ్నలు వెయ్యకూడదు, అంతే.

నల్లకోనలో జింకలు, కుందేళ్ళు, నెమళ్ళు, అడవి పందులు అన్నీ ఉండేవి. మామిడి చెట్లయితే బోలెడు. నున్నగా, పసుప్పచ్చగా ఉండేది బంగినపల్లి. చివర చిలక ముక్కులా వంపు తిరిగేది తోతాపురి. కోసి తింటే కరకరలాడేది కొబ్బరి మామిడి. వీటన్నిటికీ మహారాణి చెరుకు రసం. దాన్ని కొయ్యక్కర్లేదు, కొరకక్కర్లేదు. మెత్తగా పిసికి, ముచిక దగ్గర చిన్న కన్నం పెట్టి నోట్లో పెట్టుకుంటే చాలు.

అందుకే అదంటే ఎలుగు తాతకి ప్రాణం. తాతకి ఒక్క పన్ను కూడా లేదు మరి!

"ఏడాదంతా చప్పిడి తిండే కదర్రా," అనేవాడు తాత. "ఆ నెల రోజులే నాకు పండగ."

ఒక వేసవిలో పెద్ద గాలివాన వచ్చింది. అడవి మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క చెరుకు రసం చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది.

తాత కూర్చుని ఏడవలేదు. కొమ్మలు ఎండిపోకముందే నాలుగు పుల్లలు కోశాడు. టెంకల నుంచి మొలిచిన నాటు మొక్కల తలలు నరికి, వాటి మీద ఈ పుల్లల్ని కూర్చి, నారతో గట్టిగా కట్టాడు. దీన్నే అంటు కట్టడం అంటారు. నాలుగింటిలో రెండే బతికాయి. కానీ తాతకి మోకాళ్ళు పనిచెయ్యవు, నీళ్ళెవరు మోస్తారు? అందుకని ఇద్దర్ని పిలిచాడు.

ఒకరు పునుగు పిల్లి చుక్కి. తల్లి లేని చుక్కిని వీపు మీద ఎక్కించుకుని పెంచింది తాతే. దాని ముక్కు మామూలు ముక్కు కాదు. ఆకు నలిపి వాసన చూసి ఏ మామిడో చెప్పేసేది.

రెండోవాడు కొండముచ్చు గవరయ్య. తోక బారెడు, గొప్పలు రెండు బారలు.

"ఇద్దరూ వినండి," అన్నాడు తాత. "ఈ కట్టు కింద ఉన్నది పుల్లటి నాటు మామిడి. దాని వేరు గట్టిది, అందుకే వాడాను. పైన ఉన్నదే మన చెరుకు రసం. కట్టు కింద ఏ చిగురొచ్చినా తుంచెయ్యాలి. జాలిపడకండి. ఈ రెండూ పోతే ఆ పండు ఇంక అడవిలో లేనట్టే."

గవరయ్య కట్టు వంక చూసి జాలిగా నాలుక చప్పరించాడు. "పాపం, దెబ్బ తగిలిందా దీనికి?"

"దెబ్బ కాదు బావా, అంటు," అంది చుక్కి.

"అంటా? అయితే నేను ముట్టుకోను, నువ్వే కడుగు!" అని తన జోకుకి తనే పడీ పడీ నవ్వాడు.

ఇద్దరూ ఎవరి మొక్క వాళ్ళ ఇంటి ముందు పాతుకున్నారు.

వానలు పడ్డాయి. చుక్కి మొక్కకి కట్టు కింద ఎర్రటి చిగురు ఒకటి తన్నుకొచ్చింది. ఎంత ముద్దుగా ఉందంటే, చుక్కికి చెయ్యి రాలేదు. పైనున్న కొమ్మకేమో నాలుగే ఆకులు, అవీ నీరసంగా. ఈ చిగురుని ఉంచేస్తే ఏం పోతుంది అనిపించింది.

ఎందుకైనా మంచిదని పై ఆకు ఒకటి నలిపింది. కమ్మటి వాసన, కళ్ళు మూతపడ్డాయి. కింది చిగురు నలిపింది. ముక్కు చురుక్కుమంది, వరసగా మూడు తుమ్ములు వచ్చాయి. కళ్ళు తుడుచుకుని చిగురుని టక్కున తుంచేసింది.

గవరయ్య మొక్కకీ అలాంటి చిగురే వచ్చింది. వాడు దాన్ని చూసి గంతులేశాడు. రోజూ రెండు పూటలా నీళ్ళు. గుర్రపు పిల్లలా పెరిగింది అది. నెలలో పై కొమ్మని దాటేసింది.

చుక్కి అటుగా వెళ్తూ ఆగింది. ఆకు ఒకటి నలిపి వాసన చూసింది.

"బావా, నువ్వు పెంచుతోంది పుల్ల మామిడి. పై కొమ్మకి ఇంకా రెండాకులున్నాయి. ఇప్పుడు తుంచినా బతుకుతుంది."

"నీ మొక్క ఎంత ఎత్తు?"

"మోకాలెత్తు."

"నాది?"

"నీ అంత."

"మరి ఎవరు ఎవరికి చెప్పాలి?" అన్నాడు గవరయ్య. "వాసనలు చూసి చెట్లు పెంచుతారటే ఎక్కడైనా? బక్కదానికి తిండి పెట్టడం దండగ. చూడు ఏం చేస్తానో!"

చుక్కి "వద్దు బావా!" అని అరుస్తూనే ఉంది. వాడు పై కొమ్మని ఫట్‌మని విరిచి అవతల పారేశాడు.

ఇక మిగిలింది చుక్కి మొక్క ఒక్కటే.

రెండో ఏడు దానికి పూత వచ్చింది. చుక్కి సంబరంగా తాత దగ్గరికి పరిగెత్తింది.

"తుంచెయ్," అన్నాడు తాత.

"పూతనా? తాతా, నీకేమైనా పిచ్చా?"

"పసిదే అది. ఇప్పుడే కాయలు మోయిస్తే నడుం విరుగుతుంది. ఇంకో ఏడు కూడా తుంచు."

చుక్కి ఏడుస్తూ తుంచింది. మూడో ఏడూ తుంచింది. గవరయ్య చెట్టెక్కి కూర్చుని చప్పట్లు కొట్టాడు. "ఓహో! చిగురొస్తే తుంచుతుంది, పూతొస్తే తుంచుతుంది! కాయొస్తే ఏం చేస్తావే, క్షమాపణ చెప్తావా?"

నాలుగో ఏడు పూత ఉంచింది. పిందెలు కట్టాయి. సరిగ్గా అప్పుడే వడగళ్ళ వాన కురిసి ఒక్కటీ మిగల్చకుండా రాల్చేసింది. ఆ వేసవిలో తాత చెట్టు కింద పడుకుని ఊరికే నోరు కదుపుతుంటే, చుక్కి అటు వెళ్ళలేకపోయింది. మళ్ళీ వేసవికి తాత ఉంటాడో లేడో అని దాని భయం.

ఐదో వేసవి వచ్చింది. గవరయ్య చెట్టు తాటిచెట్టుతో పోటీ పడుతోంది. తొలి కాపే గుత్తులు గుత్తులు! చుక్కి చెట్టుకి లెక్కగా ఏడు కాయలు.

గవరయ్య అడవంతా చాటింపు వేయించాడు. "చెరుకు రసం విందు! అందరూ రండి! తాతని మోసుకురండి!"

అందరూ వచ్చారు. గవరయ్య అన్నిట్లోకీ పెద్ద పండు కోసి, పిసికి, తాత నోటికి అందించాడు. అడవంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది.

తాత ఒక్క గుటక వేశాడు. ఒక కన్ను మూసుకుపోయింది. తర్వాత రెండోది. చెవులు వణికాయి. ఒళ్ళంతా వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"ఏంటి తాతా, అంత తియ్యగా ఉందా?" అంది ఒక కుందేలు.

"ఒరేయ్ గవరయ్యా," అన్నాడు తాత, "కాస్త ఉప్పూ కారం ఉందట్రా?"

అడవి అడవంతా గొల్లుమంది. గవరయ్యకి ఒళ్ళు మండింది. "మీకెవరికీ రుచి తెలీదు!" అని వరసగా నాలుగు పళ్ళు కొరికి మింగాడు. ఐదోది కొరకబోతే పళ్ళు పులిసిపోయి నోరు మూతపడలేదు. ఆ తర్వాత వారం రోజులు మెతుకు నమల్లేకపోయాడు. ఆ చెట్టుకి అడవిలో పేరేంటో తెలుసా? పచ్చడి చెట్టు.

విందులో నవ్వులు ఆగాక చుక్కి మెల్లగా ముందుకొచ్చింది. ఆకులో చుట్టి తెచ్చిన పండు తీసింది. ముచిక గిల్లి, సొన కార్చి, మెత్తగా పిసికి తాత చేతిలో పెట్టింది.

తాత నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని జుర్రుతూనే ఉన్నాడు. రసం అయిపోయింది, తొక్క నాకాడు. తొక్క అయిపోయింది, టెంక చీకాడు. టెంక తెల్లబడేదాకా వదల్లేదు.

"ఇంకోటి ఉందటే?" అన్నాడు చివరికి.

"ఆరున్నాయి తాతా!" అని చుక్కి ఎగిరి తాత మెడ పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో దానికే తెలీలేదు.

గవరయ్య తోక ముడుచుకుని పక్కకి జారుకోబోయాడు. తాత పిలిచాడు.

"ఎక్కడికిరా? నీ చెట్టు వేరు గట్టిది. చుక్కి చెట్టు పుల్లలు ఇస్తుంది. కొమ్మలు నరికి వాటి మీద మళ్ళీ అంటు కడదాం."

"నా చెట్టు కొమ్మలు నరుకుతారా?" అన్నాడు గవరయ్య, పులిసిన పళ్ళతో.

"పోనీ, ఇంకో నాలుగు పళ్ళు తింటావా బావా?" అంది చుక్కి.

గవరయ్య వెళ్ళి కత్తి తెచ్చాడు.

కట్టు కడుతున్నంతసేపూ పుల్ల కదలకుండా పట్టుకునే పని వాడిదే. జన్మలో ఒక్క క్షణం కుదురుగా కూర్చోనివాడు రాయిలా కూర్చున్నాడు. ఈగ వాలినా తోలలేదు. వానలు పడ్డాక పై పుల్లలకి రెండేసి ఆకులొచ్చాయి. కట్టు కింద నుంచి ఒక ఎర్ర చిగురూ వచ్చింది. నవనవలాడుతూ, ఎంత అందంగా ఉందో! గవరయ్య దాని వంకే చూస్తున్నాడు. చుక్కి వాడి పక్కకి వచ్చి నిలబడింది. వాడు మెల్లగా చెయ్యి చాపాడు. చటుక్కున తుంచి నోట్లో వేసుకున్నాడు.

"పులుపే," అన్నాడు మొహం చిట్లించి.

"నా ముక్కు ఎప్పుడో చెప్పింది బావా!" అని నవ్వింది చుక్కి. అబ్బా, మా అక్క కేకలేస్తోంది. వస్తున్నానక్కా, ఒక్క ముక్క చెప్పేసి వస్తా!

నీతి: ఏపుగా పెరిగిందల్లా మనం నాటింది కాదు, ఏది ఉంచాలో, ఏది తుంచాలో తెలుసుకున్నవాళ్ళకే పండు దక్కుతుంది.