మాచరమ్మ కోడలి గుడ్లగూబ బహుమతి

బుద్ధివరం అని ఒక ఊరుంది. ఎక్కడుందని మాత్రం ఆ ఊరివాళ్ళని అడక్కండి. వాళ్ళు దారి చెప్తారు, మీరు ఆ దారినే పోతారు, పొద్దుగూకేసరికి మళ్ళీ మీ ఇంటి గుమ్మం ముందే తేలతారు. ఆ ఊళ్ళో అందరికీ తెలివెక్కువ. గవరయ్య ఇంట్లో మరీ ఎక్కువ. ఉప్పు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పిన రోజునుంచీ గవరయ్య ఉప్పుని చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు, గరిటెతోనే వేసుకుంటున్నాడు. కొడుకు సింహాద్రి కొత్త గొడుగు తడిసిపోతుందని దాన్ని చొక్కాలో దాచుకుని వానలో తడుస్తూ తిరుగుతాడు. ఇక గవరయ్య పెళ్ళాం మాచరమ్మ సంగతి చెప్పక్కర్లేదు.

"మనింట్లో తెలివి నలుగురం పంచుకోబట్టి సరిపోయింది గానీ, అంతా ఒక్కరికే ఉంటే ఆ బుర్ర పగిలిపోను" అనేదావిడ.

నలుగురందిగా, ఆ నాలుగోది కోడలు రాజరత్నం. పై ఊరి పిల్ల. కాపరానికొచ్చి ఐదేళ్ళయినా ఆ పిల్లకి ఈ ఇంటి తెలివి ఇంకా అబ్బలేదని మాచరమ్మకి లోలోపల బెంగ. అయినా కోడలంటే ప్రాణం పెట్టేది. ఎందుకంటారా? ఆ పిల్ల కథలు రాస్తుంది. అలాంటిలాంటి కథలు కాదు, దయ్యాల కథలు! "జాడీలో గొంతు" అని ఒక నవల రాసింది. అందులో ఎవరు ఆవకాయ జాడీ మూత తీసినా లోపల్నుంచి ఒక గొంతు వాళ్ళని పేరు పెట్టి పిలుస్తుంది. పట్నంలో ప్రెస్సు నడిపే విస్సన్న గారు దాన్ని అచ్చేశారు. రెండో నవల కూడా రాసి పట్టుకెళ్తే మాత్రం చెయ్యడ్డం పెట్టారు.

"మొదటిదానికి ఏదైనా బహుమతి రానీ అమ్మా. ఆ బహుమతి తెచ్చి నా బల్ల మీద పెట్టు, మర్నాడే రెండోది అచ్చుకెక్కిస్తాను. రాలేదా, ఇంక నువ్వూ రాకు" అనేశారు.

ఆ పూట రాజరత్నం అన్నం ముందు కూచుని లేచిపోయింది. మాచరమ్మ అది చూసింది. "నా కోడలికి బహుమతి రావాలి, ఎలా రాదో నేనూ చూస్తా" అని కొంగు బిగించింది.

పట్నంలో పాఠకుల సంఘం ఒకటుంది. దయ్యాల కథలూ, రాకెట్లెక్కి గ్రహాల మీదికి పోయే కథలూ, మాయలూ మంత్రాల కథలూ తప్ప వాళ్ళింకేవీ చదవరు. ఏటా ఒక పుస్తకానికి బహుమతిస్తారు. పండితులు కూచుని తేల్చేది కాదు, చదివినవాళ్ళే ఓట్లేసి తేల్చేది. ఈ ఏడు చివరిదాకా నిలిచినవి మూడు. "చంద్రుడి మీద చేపల చెరువు" అని ఒకటి, "ఏడు తలల ఏనుగు" అని ఒకటి, మూడోది మన రాజరత్నం నవల. మాచరమ్మ తనూ, మొగుడూ, కొడుకూ ఆ సంఘంలో చేరి ఓటు చీటీలు తెప్పించింది. పోటీలో ఉన్నావిడ కాబట్టి రాజరత్నానికి మాత్రం ఓటు లేదు.

ఓటు ఎవరికెయ్యాలో ఆలోచించే పనే లేదు. కోడలి పుస్తకం చదివి ముగ్గురూ అప్పటికే హడలిపోయి ఉన్నారు. పదిహేను రోజులుగా ఇంట్లో ఆవకాయ జాడీ మూత తీసిన వీరుడు లేడు. చప్పటి పప్పన్నం తింటూ "ఆహా, ఎంత బాగా రాసిందో!" అని మెచ్చుకుంటున్నారు.

గవరయ్య కళ్ళజోడు పెట్టుకుని చీటీ వెనక్కి తిప్పాడు. "సభ్యులు నిర్భయంగా, రహస్యంగా ఓటు వేయవలెను" అని చదివాడు. చదివి, చీటీ కింద పెట్టేశాడు.

"ఏమే, మన ఓట్లు చెల్లవే!"

"అదేంటండీ?"

"నిర్భయంగా వెయ్యాలంట. మనకి భయం ఉందిగా. నిన్న పెరట్లో కొబ్బరిమట్ట పడితే నువ్వెక్కడున్నావు?"

"మంచం కింద."

"మరి! నిర్భయం అంటే అదేనా?"

అంతే, ఇంట్లో గోలెత్తిపోయింది. "నాన్నా, అయితే ఆ పుస్తకం నచ్చినవాళ్ళెవరూ ఓటెయ్యకూడదు. అందరూ భయపడే ఉంటారుగా!" అన్నాడు సింహాద్రి. అది నిజమే కదా అనిపించింది మాచరమ్మకి. భయపడనివాళ్ళే ఓటెయ్యాలంటే చంద్రుడి మీద చేపలవాడిదే బహుమతి. ఆ చేపల్ని చూసి ఎవడు భయపడతాడు?

"ఆదివారం దాకా టైముంది. ఈలోగా భయం పోగొట్టుకుందాం" అంది.

భయం పోవాలంటే జాడీలోకే చూడాలన్నాడు గవరయ్య. చూసేది తనే అన్నాడు. నడుముకి తాడు కట్టించుకున్నాడు, ఆ చివర కొడుకు చేతికిచ్చాడు, మూత తీశాడు, తల లోపలికి పెట్టాడు. ఆవకాయ అడుక్కెళ్ళిపోయి జాడీ సగం పైన ఖాళీ.

"ఎవరు లోపల?" అని గట్టిగా అరిచాడు.

"లోపల..." అంది జాడీ.

ఇంకేముంది! గవరయ్య ఎగిరి గెంతాడు. సింహాద్రి తాడు లాగాడు. లాగిన లాగుడికి తండ్రి వచ్చి కొడుకు మీద పడ్డాడు, ఇద్దరూ కలిసి మాచరమ్మ మీద పడ్డారు, ముగ్గురూ వెళ్ళి రోట్లో రుబ్బిన పిండి మీద పడ్డారు. రాజరత్నం పరుగెత్తుకొచ్చి చూస్తే తెల్లగా మూడు ఆకారాలు! ఆ పిల్ల కెవ్వున అరిచింది.

"చూశావా, రాసినదానికే భయం!" అన్నాడు గవరయ్య పిండి తుడుచుకుంటూ.

సంగతి తెలిసి రాజరత్నం తల పట్టుకుంది. "అయ్యో మావయ్యా, అది మీ గొంతే! అదంతా నేను పుట్టించిన కథ. జాడీలో ఆవకాయ తప్ప ఏమీ లేదు."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు అత్తయ్యా!"

"ఒట్టు?"

"ఒట్టు!"

ఆ ముక్క వినగానే మాచరమ్మ గుండె దూదిపింజలా తేలికైపోయింది. నిర్భయం అంటే ఇదన్నమాట! వెంటనే ఇంకో ఆలోచన తట్టింది. మన ముగ్గురి భయం పోతే చాలదు. పట్నంలో ఆ పుస్తకం చదివి భయపడ్డవాళ్ళు ఎంతమంది ఉన్నారో! పాపం వాళ్ళ ఓట్లన్నీ చెల్లకుండా పోవూ?

"అమ్మాయ్, ఇప్పుడన్నది స్టాంపు కాగితం మీద రాసి సంతకం పెట్టు."

"ఎందుకు అత్తయ్యా?"

"నీ మంచికే."

అత్తగారు మంచికే అంటే ఏం కొంప మునుగుతుందోనని రాజరత్నం సందేహించింది. కానీ ఎదురు చెప్పలేక రాసిచ్చింది. "జాడీలో దయ్యము లేదనియు, ఉన్నదంతయు ఆవకాయేననియు ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను." సింహాద్రి దాన్ని మూడొందల నకళ్ళు తీయించాడు. మైదాపిండి జిగురు ఉడికించుకుని ముగ్గురూ పట్నం మీద పడ్డారు. లైబ్రరీలో ఉన్న ప్రతి కాపీ మొదటి పేజీకీ అంటించారు. పుస్తకాల షాపులో అంటించారు. బస్సులో ఒకాయన సగం చదివిన పుస్తకం లాక్కుని మరీ అంటించారు.

"కంగారు పడకండి బాబూ, చివర్లో కూడా ఏం లేదు. నిర్భయంగా ఓటెయ్యండి" అని ఆయన భుజం తట్టింది మాచరమ్మ.

రాజరత్నానికి ఈ సంగతి శనివారం తెలిసింది. "అయిపోయింది అత్తయ్యా. దయ్యం లేదని దయ్యాల నవల మీద అంటిస్తే ఇంకెవరు చదువుతారు? ఎవరు ఓటేస్తారు?" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఈ పిల్లకి తెలివి ఎప్పుడొస్తుందో ఏమో అనుకుని మాచరమ్మ తల నిమిరింది.

ఆదివారం ముగ్గురూ ఓటెయ్యడానికి లైబ్రరీకి వెళ్ళారు. నిర్భయం కుదిరింది, ఇక రహస్యం మిగిలింది. ఎవరికి ఓటేశామో ఎవరికీ తెలియకూడదంటే తమకి మాత్రం తెలియొచ్చా? కూడదు. అందుకని ముగ్గురూ కళ్ళు గట్టిగా మూసుకుని ముద్ర వేశారు. గవరయ్య ముద్ర చీటీ మీదే పడింది. మాచరమ్మది బల్ల మీద పడింది. సింహాద్రిది అక్కడ కూచున్న గుమాస్తా నుదుటి మీద పడింది.

ఇప్పుడు చూడండి చిత్రం. దయ్యం లేదని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేశారంటే, ఏదో ఉండబట్టే చేశారని పట్నమంతా అనుకుంది. చదవనివాళ్ళు చదివారు. చదివినవాళ్ళు జాడీలు పక్కింట్లో పెట్టొచ్చారు. ఓట్లు లెక్కపెడితే నూట నలభై ఓట్లతో రాజరత్నం నవలే మొదటిది! చేపల చెరువు ఎక్కడో వెనక పడింది.

సభ పెట్టారు. బహుమతిగా మూరెడు ఎత్తు టేకు గుడ్లగూబ బొమ్మని రాజరత్నం చేతిలో పెట్టి, సంఘం అధ్యక్షుడు కోదండపాణి గారు చప్పట్లు కొట్టించారు. రాజరత్నం జనం వైపు తిరిగింది.

"ఈ బహుమతి నాది కాదండీ. నాకు ఓటేసిన మీ అందరిదీ" అంది.

ముందు వరసలో మాచరమ్మ ఉలిక్కిపడింది. ఇన్నాళ్ళకి కోడలికి ఎంత న్యాయబుద్ధి వచ్చింది! తనది కాదని నలుగురిలో చెప్పేసింది. మరి ఎవరిది వాళ్ళకి అప్పజెప్పాలి కదా. రాజరత్నం చుట్టూ జనం మూగి పుస్తకాల మీద సంతకాలు పెట్టించుకుంటూంటే, "ఇలా ఇయ్యమ్మా, బరువు" అని గుడ్లగూబని చంకనెత్తుకుంది. మొగుణ్ణీ కొడుకునీ వెంటేసుకుని ఎదురుగా ఉన్న సామిల్లులోకి నడిచింది.

"రాజరత్నానికి ఓటేసినవాళ్ళంతా వరసలో నిలబడండి!" అని సింహాద్రి వాకిట్లో కేకేశాడు.

గెలిచిన పుస్తకానికి ఓటెయ్యలేదని ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి? పడ్డవి నూట నలభై ఓట్లు, వరసలో నిలబడ్డది రెండు వందల పన్నెండు మంది. చేపల చెరువు రాసినాయన కూడా నిలబడ్డాడు. రంపం గిర్రున తిరిగింది. ఒకరికి ముక్కు, ఒకరికి కనుబొమ, ఒకరికి ఈక, తోకలో నలభై మందికి. తాము ఎవరికేశారో తమకే తెలీదు కాబట్టి న్యాయంగా ఈ ముగ్గురూ ఏమీ తీసుకోలేదు.

ఆఖరికి రాజరత్నం బయటికొచ్చింది. "అత్తయ్యా, గుడ్లగూబ ఏది?"

"పంచేశానమ్మా. నువ్వు చెప్పినట్టే."

"పంచడమేంటి?" అంటూనే చూసింది. జనం చేతుల్లో తలా ఒక చెక్కముక్క! నేల మీద కుప్పగా పొట్టు. "నాకు... నాకో ముక్కైనా?"

"నువ్వు ఓటెయ్యలేదుగా తల్లీ" అంది మాచరమ్మ మెత్తగా.

రాజరత్నం అక్కడే మెట్టు మీద కూలబడింది. "విస్సన్న గారి బల్ల మీద ఏం పెట్టను అత్తయ్యా? రెండో పుస్తకం ఇంక ఈ జన్మకి అచ్చుకాదు" అంది. ఆ మాటతో మాచరమ్మకి నిజంగానే ఏడుపొచ్చేసింది. ఈ పిల్ల కోసమేగా ఇన్ని తిప్పలు పడింది! ముక్కు చీది, కళ్ళు తుడుచుకుని కొంగు బిగించింది.

"ఎందుకు పెట్టలేవు? ముక్కలన్నీ వెళ్తే బహుమతి వెళ్ళినట్టేగా! పదండి అందరూ!"

అంతే, రెండు వందల పన్నెండు మందీ ప్రెస్సుకి బయల్దేరారు. ఒక్కొక్కరే లోపలికెళ్ళి విస్సన్న గారి బల్ల మీద తమ ముక్క పెట్టి నమస్కారం చేసి నిలబడ్డారు. కుప్ప పెరిగి పెరిగి ఆయన గడ్డం దాకా వచ్చింది.

"ఎవరమ్మా ఈ కట్టెలన్నీ ఇక్కడ పోస్తున్నది?" అని కుప్ప వెనకనుంచి అడిగారాయన.

"కట్టెలు కాదు బాబూ, మా కోడలి బహుమతి. చెప్పినట్టే బల్ల మీద పెట్టాం" అంది మాచరమ్మ.

విస్సన్న గారు లేచి కిటికీలోంచి చూశారు. వీధి చివరిదాకా జనం. "వీళ్ళందరూ ఈ అమ్మాయి రాసింది చదివేవాళ్ళేనా?"

"మేమే! మేమే!" అని వీధి వీధంతా అరిచింది.

ఆయన మొహం వెలిగిపోయింది. ఏదీ ఆ రెండో నవల అని చెయ్యి చాపారు. రాజరత్నం ఆ కాగితాల కట్ట ఎప్పుడూ సంచిలోనే మోస్తుంది. తీసిచ్చింది. ఆయన పేజీలు తిప్పారు, కలం తీశారు, ఆర్డరు పుస్తకం తెరిచారు.

"రేపే అచ్చుకి ఎక్కిస్తున్నాను. ఎన్ని కాపీలు వెయ్యమంటారు? రెండు వేలు వెయ్యనా?"

రాజరత్నం నోరు తెరిచేలోగా మాచరమ్మ అడ్డొచ్చింది. అక్కర్లేని కాపీలు అంటగట్టి పిల్లని ముంచేద్దామనుకుంటున్నాడేమో ఈ పెద్దమనిషి, నా దగ్గరా ఈ ఆటలు!

"ఆగండి బాబూ. ఈ పుస్తకం ఎన్ని పేజీలు?"

"రెండు వందల పదమూడు."

మాచరమ్మ వేళ్ళు మడిచి లెక్కేసింది. గవరయ్య కూడా లెక్కేసి తలూపాడు. సింహాద్రి తల్లి వంక గర్వంగా చూశాడు. మాచరమ్మ గుండెలనిండా గాలి పీల్చుకుంది.

"ముక్కలు తెచ్చినవాళ్ళు రెండు వందల పన్నెండు మంది. రెండు వేలెందుకండీ దండగ? ఒక్కటి వెయ్యండి చాలు, మనిషికో పేజీ పంచేస్తాను. మిగిలిన ఆ ఒక్క పేజీ మా రత్నానికి. ఈసారైనా ఆ పిల్లకి ఏదో ఒకటి దక్కాలి కదండీ, పాపం, రాసిందేమో తనాయె!"