ముట్టెమ్మ కొన్న ఆకుపచ్చ కారు

అనగనగా ఒక అడవిలో ఒక అడవిపంది ఉండేది. పేరు ముట్టెమ్మ. దానికి ఒక్క చోట కాలు నిలవదు. నిద్రలో కూడా కాళ్ళు ఆడిస్తూనే ఉంటుంది. ఆ ఏడాది మరీ ఎక్కువైంది. ఎందుకంటారా? ముట్టెమ్మకు ముగ్గురు పిల్లలు. ఉండేదేమో వాగు పక్కన లోతట్టు పొదలో. వానలు ముదిరితే ఆ పొద మునిగిపోతుంది. ఈలోగా పిల్లలను వాగు దాటించి కొండ అవతలి గుహకు చేర్చాలి. అంత దూరం పిల్లలు నడవలేరు. పైగా దారిలో చిరుతపులి తిరుగుతోంది.

"కారు కొనాలి," అని ఒక పొద్దున ముట్టెమ్మ అనుకుంది. అంతే, ఇక మనసు మనసులో లేదు. ఆకాశం చూస్తుంది, పిల్లలను చూస్తుంది, మళ్ళీ ఆకాశం చూస్తుంది. చీమలు గుడ్లు మోసుకుంటూ చెట్టెక్కుతుంటే వాన దగ్గరపడిందని కంగారుపడింది.

పక్క రాతి కింద ఉడుము మామ ఉండేవాడు. సంగతి విని ఆయన తల ఆడించాడు.

"తొందరపడకమ్మా. కొనేది పాత కారు కదా. ముందు అది ఎవరిదో అడుగు. వాళ్ళను కలిసి ఎందుకు అమ్మారో తెలుసుకో. లోపల కాళ్ళ కింద పరిచిన పట్టా ఎత్తి, ముందు మూత ఎత్తి అంతా చూడు. ఒకసారి గట్టు ఎక్కించి దింపు. ఇవాళ నాకు ఒంట్లో బాగాలేదు. రేపు నేనూ వస్తాను," అన్నాడు.

"సరే మామా," అంది ముట్టెమ్మ. సరే అన్నది నోరే. కాళ్ళు అప్పటికే దారి పట్టాయి.

ఆ అడవిలో పాత కార్లు అమ్మేది సుగంధయ్య అనే పునుగుపిల్లి. పునుగుపిల్లి సంగతి తెలుసుగా పిల్లలూ? దాని ఒంట్లోనే సువాసన పుడుతుంది. సుగంధయ్య తన దగ్గరున్న ప్రతి కారుకూ ఆ సువాసన దట్టంగా పట్టించేవాడు. ముట్టెమ్మ వెళ్ళేసరికి ముంగిట్లో ఒక ఆకుపచ్చ కారు నిగనిగలాడుతోంది. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి ఉన్నాయి. కారు కాదు, పెళ్ళికూతురే అనుకోండి.

"రా అక్కా, రా," అన్నాడు సుగంధయ్య. "నీ కోసమే ఉంచినట్టుంది. ఎండాకాలమంతా నువ్వు దాచిన దుంపలు ఇచ్చెయ్యి, కారు తోలుకుపో."

ఆ దుంపలే వానాకాలానికి పిల్లల తిండి. ముట్టెమ్మ కాస్త వెనక్కి తగ్గింది.

"ఇది ఎవరి కారు తమ్ముడూ?" అని అడిగింది.

"దుప్పి గారిది. ఒకే ఒక్క చెయ్యి మారింది. ఆయన ఆదివారం తప్ప బయటకు తీసేవారే కాదు."

"అయితే ఒకసారి ఆయనతో మాట్లాడి వస్తాను."

"మాట్లాడు, ఎవరు వద్దన్నారు? ఆయన ఉండేది వాగు అవతల. నువ్వు వెళ్ళి వచ్చేలోగా ఎలుగుబంటి బావ వచ్చేస్తాడు. పొద్దుటి నుంచి దీని చుట్టూనే తిరుగుతున్నాడు."

ముట్టెమ్మకు కారు చేజారుతుందేమోనని భయమేసింది. దుప్పి దగ్గరకు వెళ్ళలేదు. కారు తలుపు తీసి లోపలికి తొంగిచూసింది. సువాసన గుప్పుమని కొట్టింది. దాని అడుగున ఎక్కడో సన్నగా బురద కంపు. ముట్టెమ్మ ముట్టె దురద పెట్టింది. కనిపించిన నేలనల్లా తవ్వే జీవి కదా, పట్టా కింద ముట్టె పెట్టబోయింది.

"అయ్యో అక్కా, కొత్త పట్టా. నీ ముట్టె మట్టి అంటుకుంటే బాగుంటుందా?" అన్నాడు సుగంధయ్య.

ముట్టెమ్మకు సిగ్గేసింది. తవ్వొద్దని అడవిలో అందరూ దాన్ని తిట్టేవాళ్ళే. చటుక్కున తల వెనక్కి తీసుకుంది.

"పోనీ, ఒకసారి ఆ గట్టు ఎక్కించి చూడనా?"

సుగంధయ్య నుదురు కొట్టుకున్నాడు. "ఇంకో ఘడియలో మంచి ముహూర్తం దాటిపోతుంది. రేపటి నుంచి మూఢం. మూఢంలో ఎవరైనా కారు కొంటారా? పిల్లలున్న తల్లివి, ఆపైన నీ ఇష్టం."

అప్పుడే దూరంగా ఉరుము ఉరిమింది. ముట్టెమ్మ ఇక ఆగలేకపోయింది. ముహూర్తం చూసుకుంది గాని కారు చూసుకోలేదు. దుంపలన్నీ మోయించి ఇచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కారు ఇంటికి తెచ్చేసింది. ఉడుము మామకు మొహం చూపించకుండా అటు నుంచి అటే పిల్లలను ఎక్కించుకుని బయలుదేరింది.

కారు కొంతదూరం బాగానే పోయింది. వాన మొదలైంది. వాగులో నీళ్ళు చక్రాల మధ్య దాకా ఉన్నాయి. సరిగ్గా వాగు నడుమకు వచ్చేసరికి కారు గుడగుడమంది, దగ్గింది, ఆగిపోయింది. ముట్టెమ్మ మళ్ళీ మళ్ళీ తాళం తిప్పింది. కారు ఉలకలేదు, పలకలేదు.

కింది నుంచి నీళ్ళు ఎగదన్నాయి. కొత్త పట్టా తేలింది. దాని కింద ఎండి గడ్డకట్టిన పాత బురద, తుంగపోచలు, చిన్న చిన్న నత్తగుల్లలు. తుప్పు పట్టిన ఇనుము చిల్లులు పడి ఉంది. ముట్టెమ్మ గబుక్కున తలుపు తోసింది. బిగుసుకుపోయింది. రెండో వైపు తోసింది. అదీ రాలేదు. నీళ్ళు పిల్లల పొట్టల దాకా వచ్చాయి.

"అమ్మా, చల్లగా ఉంది," అని చిన్నది ఏడ్చింది.

ముట్టెమ్మ తలతో అద్దం పగలగొట్టి గట్టిగా అరిచింది. ఆ అరుపు విని గట్టు మీది నీటికుక్క దూకి వచ్చాడు. పిల్లలను ఒక్కొక్కరినీ మెడ దగ్గర నోట కరిచి, అద్దంలోంచి లాగి అవతలి గట్టుకు చేర్చాడు. ముట్టెమ్మ ఎలాగో ఒళ్ళు గీరుకుంటూ బయటపడి ఈదుకొచ్చింది.

నీటికుక్క ఒళ్ళు దులుపుకుని కారు వంక చూశాడు.

"ఈ కారా? పోయిన ఏడు వరదలో దుప్పి గారిని కూడా ఇందులోంచే లాగాను. రెండు రోజులు నీళ్ళలోనే ఉంది. ఆయన దాని మొహం చూడనని వదిలేసి పోయారు. మమ్మల్ని ఒక్క మాట అడగకపోయావా వదినా?"

ముట్టెమ్మ పిల్లలను పొట్టకు అదుముకుని కూర్చుంది.

వాన తెరిపిచ్చాక నీటికుక్క తోడు రాగా, చిరుతపులి కంట పడకుండా అందరూ ఆగుతూ ఆగుతూ గుహ చేరుకున్నారు. ప్రాణాలైతే దక్కాయి. కానీ దుంపలు లేవు. దొరికిన గడ్డివేళ్ళే తిని పిల్లలు చిక్కిపోయారు. 

ఇంతలో ఒకనాడు సుగంధయ్య గుహకు వచ్చాడు. వెంట బుట్టెడు దుంపలు. వాటిని చూసి పిల్లలు ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"జరిగిందేదో జరిగింది అక్కా," అన్నాడు సుగంధయ్య. "కారు వాగులోంచి తీయించాను. దాన్ని నాకు వదిలెయ్యి, ఈ దుంపలు నువ్వు ఉంచుకో. ఎవరితోనూ ఏమీ అనకు, అంతే."

"దాన్ని ఏం చేస్తావు?"

"కడిగి, రంగు వేయించి అమ్ముతాను. ఏదుపంది అడుగుతోంది. పిల్లలను పుట్టింటికి తీసుకెళ్ళాలట, తెగ తొందరపడుతోంది."

ముట్టెమ్మ దుంపల వంక చూసింది. పిల్లల డొక్కల వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీ దుంపలు నువ్వు తీసుకుపో," అంది. "నేను ఇప్పుడే ఏదుపంది దగ్గరకు వెళ్తున్నాను."

సుగంధయ్య గొణుక్కుంటూ బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు. చిన్నదానికి ఏడుపు ఆగలేదు.

"దుంపలు ఎందుకు వద్దన్నావమ్మా? నాకు ఆకలేస్తోంది."

ముట్టెమ్మ దాన్ని దగ్గరకు తీసుకుంది.

"నిన్ను నీటికుక్క మామ మెడ కరిచి లాగాడు కదా. ఏదుపంది పిల్లలకు ఒళ్ళంతా ముళ్ళమ్మా. వాళ్ళను ఎక్కడ పట్టుకుని లాగుతాడు?"

చిన్నది ఏడుపు ఆపి, లేచి తల్లి ముందు నడిచింది.

నీతి: పాత వస్తువు కొనే ముందు పైమెరుగు చూసి తొందరపడకుండా, దాని వెనుక జరిగిందేమిటో అడిగి, లోపల ఏముందో చూసుకోవాలి. తెలిసిన లోపాన్ని ఇంకొకరికి దాచకుండా చెప్పాలి.