కొండముచ్చులు పారిపోయిన రోజు

అనగనగా మద్దిచెట్లు దట్టంగా పెరిగిన ఒక అడవి ఉండేదర్రా. ఆ అడవిలో కబుర్లు మోసేది కొండముచ్చులే. కింద ఎవరైనా ఒక మాట చెబితే చాలు, చెట్టు మీది కొండముచ్చు కేకేసేది. పక్క చెట్టుది అందుకునేది. క్షణంలో కబురు అడవంతా తిరిగేది. అలవాటు పడ్డాక ఇంకేముంది? ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పడమే మానేశారు అందరూ.

వీరాలు అనే ముళ్లపంది కూడా అంతే. దానికి ఇద్దరు పిల్లలు. పెద్దది రంగి, చిన్నవాడు బుడ్డోడు.

ఒకరోజు పొరుగున ఉండే ముసలి ఉడుము అడిగింది, "ఏమే వీరాలూ, ఈ కేకలు ఆగిపోతే ఎక్కడ కలుసుకోవాలో పిల్లలకు చెప్పావా?"

"ఎందుకాగుతాయి అవ్వా? నీదంతా చాదస్తం!" అని వీరాలు నవ్వేసి, దుంపలు తవ్వుకోవడానికి వెళ్లిపోయింది. ఎటు వెళ్తోందో పిల్లలకు చెప్పనే లేదు.

ఆ మధ్యాహ్నమే అడవి అంటుకుంది. అందరికంటే ముందు కొండముచ్చులు పారిపోయాయి. వాటిని తప్పుపట్టలేం, వాటికీ పిల్లలున్నాయి కదా.

"మా అమ్మెక్కడ?" అని రంగి పైకి చూసి అరిచింది. జవాబు లేదు. తమ్ముణ్ణి లాక్కుని రాతిగుట్ట ఎక్కేసింది. అక్కడికి మంట రాదు.

వీరాలు ముందు బొరియకే పరుగెత్తింది. పిల్లలు లేరు. ఏటి ఒడ్డుకు వెళ్లింది. అక్కడా లేరు. చివరికి వెనక దారిన గుట్ట ఎక్కింది. పైన బుడ్డోడు ఒక్కడే ఏడుస్తున్నాడు.

"అక్కేదిరా?" అంది వీరాలు.

"నువ్వు మాకోసం బొరియకెళ్లి కాలిపోతావని, నిన్ను తీసుకురావడానికి వెళ్లిందమ్మా."

వీరాలు గబుక్కున వెనక్కి తిరిగింది. కిందికి దిగబోతే దారంతా మంట. "రంగీ, నేనిక్కడున్నానే! వెనక్కి రావే!" అని గొంతు పోయేదాకా అరిచింది. ఆ కేక అందుకోవడానికి ఏ చెట్టు మీదా ఎవరూ లేరు.

మంటలు చల్లారాక రంగి బొరియ గుమ్మంలోనే కనిపించింది. ఎంత పిలిచినా లేవలేదు. తమ్ముణ్ణి కాపాడిన పిల్లకి అలా కావడం ఎంత అన్యాయం!

"అక్క గుట్ట మీదే ఉండొచ్చు కదమ్మా?" అన్నాడు బుడ్డోడు.

"గుట్టకే వస్తానని నేను చెప్పలేదు కదరా నాన్నా," అంది వీరాలు. "చెప్పకపోతే, నన్ను వెతుక్కోక అది మాత్రం ఏం చేస్తుంది?"

నీతి: కబుర్లు అందే రోజుల్లోనే, అందని రోజున ఎక్కడ కలుసుకోవాలో ఇంటిల్లిపాదీ అనుకుని ఉండాలి.