భానుగుడి దగ్గర ఆగిన బస్సు

ఊ కొడతావా మరి? కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, నా సంగతి తెలుసుగా.

అనగనగా కాకినాడలో, ఓ మూడో అంతస్తు వాటాలో సత్యవేణి అని ఒక పిల్ల ఉండేది. ఇంట్లోనే కూచుని కంప్యూటర్ మీద పని చేసేది. స్కూలు బస్సు ఎక్కడిదాకా వచ్చిందో అమ్మలకి ఫోన్లో చూపించే యాప్ రాసేది.

పని ఎక్కడైనా చిక్కుపడిందనుకో, వాళ్ళ నాన్న గంగరాజు దగ్గరికి పోయేది. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. కంప్యూటర్ గురించి ఒక్క ముక్క తెలీదు. అయినా చిక్కుడుకాయలు తుంచుతూ వినేవాడు. ఇది చెప్పేది, "ఊ". అది చెప్పేది, "ఊ, ఆ తర్వాత?" అలా చెప్తూ చెప్తూ ఉండగానే తప్పెక్కడుందో దానికే తట్టేసేది. ఇంక లేచి పరుగే.

ఒకసారి పెద్ద చిక్కొచ్చింది. బస్సు వెళ్ళిపోయినా ఫోన్లో మాత్రం భానుగుడి సెంటర్లోనే ఆగినట్టు చూపిస్తోంది. పిల్లలు దిగి ఎండలో నిలబడుతున్నారు. అమ్మలేమో బస్సింకా రాలేదని ఇంట్లో ఉంటున్నారు. ఓ రోజు పొద్దున్నే సత్యవేణి నాన్నకి సగం చెప్పింది. "మిగతాది రేపు చెప్తా నాన్నా" అంది.

ఆ రేపు రాలేదమ్మా. తెల్లారేసరికి గుండె ఆగి నాన్న పోయాడు.

ఆ తర్వాత దానికి పని మీద మనసు పోలేదు. ఆఫీసు స్నేహితురాలికి ఫోన్ చేసింది. రెండు మాటలు కాకుండానే "అదేముందే, ఇలా చేసెయ్" అనేసింది ఆ పిల్ల. అప్పుడు ఆ ఏఐ అంటారే, దాన్నడిగింది. అది గడగడా పది దారులు చెప్పింది, ఒక్కటీ తలకెక్కలేదు. ఆ తర్వాత నాన్న కుర్చీకే చెప్పుకుంది. కుర్చీ ఊ కొట్టదు కదా. సగంలోనే ఆపేసింది.

ఇంక ఈ పని నావల్ల కాదని, మానేస్తానని ఉత్తరం టైప్ చేసి పెట్టుకుంది.

అప్పుడు వాళ్ళమ్మ మంగతాయారు వచ్చి పక్కన కూచుంది. ఆవిడకి కంప్యూటరంటేనే చిరాకు.

"ఏమే, ఆ బస్సు కదిలిందా?"

సత్యవేణి బిత్తరపోయింది. "ఏ బస్సమ్మా?"

"భానుగుడి దగ్గర ఆగిపోయిందట కదా. నువ్వు చెప్పినవన్నీ భోజనాలయ్యాక నాకు చెప్పేవారు మీ నాన్న. ఇది సగంలో వదిలేసి పోయారు."

ఇన్నేళ్ళూ కూతురి పనంతా ఆయన కథలా చెప్తుంటే ఆవిడ వింటూనే ఉందన్నమాట.

అప్పుడు సత్యవేణి చెప్పడం మొదలెట్టింది. ఆవిడకి ఊ కొట్టడం చేతకాదు. మాటమాటకీ అడ్డమే.

"డ్రైవరు టీకి దిగాడేమో?"

"డ్రైవర్ లేడమ్మా, ఫోన్లో కనిపించేది ఉత్త చుక్క."

"చుక్కకి అంత పొగరేంటే?"

దానికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆవిడా ఏడ్చింది.

ఆ రోజు తేలలేదు. మర్నాడూ తేలలేదు. మూడో రోజు అమ్మకి చెప్తుంటే తట్టింది. భానుగుడి దగ్గర బస్సు నుంచి వచ్చే సిగ్నల్ పోయి మళ్ళీ వచ్చినా, యాప్ ఆ పాత చోటునే పట్టుకుని కూచుంటోందట. సరిచేసింది. చుక్క కదిలింది. భానుగుడి దాటింది.

"అమ్మా, బస్సు కదిలింది."

మంగతాయారు వంగి ఆ చుక్కని చూసింది.

"అయితే ఆయన ఎక్కకుండానే పోయిందన్నమాట" అంది.

 మానేస్తానన్న ఆ ఉత్తరం సత్యవేణి ఇంక పంపలేదు.

కథ కంచి దారి పట్టె,
నీ కంటికి కునుకు పట్టె,
నా కొంగుకి తడి పట్టె.