వరహాలమ్మకు బిగించిన కాయిళ్ళు

పెదగట్టు మీది బలివాడ వారింట్లో తెలివికి లోటు లేదు. ఆ మాట ఊళ్ళో ఇంకెవరూ అనరు గనక వాళ్ళే చెప్పుకుంటారు.

"మన తెలివి మూడు ఊళ్ళకి సరిపోతుందిరా," అంటాడు అన్న కూర్మారావు.

"నాలుగన్నయ్యా. గట్టు కింది ఊరు లెక్కెయ్యలేదు నువ్వు," అంటాడు తమ్ముడు గవరయ్య.

అంత తెలివైన కూర్మారావుకి ఓ చిక్కొచ్చిపడింది. వాళ్ళ పాత కారు గట్టెక్కదు. పోయినసారి సగం దారిలో ఆగిపోతే, భార్య వరహాలమ్మే పట్టుచీరతో దిగి తోసింది. మర్నాడే గట్టు కిందనున్న పుట్టింటికి వెళ్ళిపోయింది.

"కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే గట్టెక్కించండి. అప్పుడొస్తాను," అంది.

అప్పట్నుంచి అన్నదమ్ములకి రోజూ మాడిన అన్నమే. కూర్మారావుకైతే అన్నం కంటే ఇల్లు బోసిపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

"కారుకి కొత్తరకం కాయిళ్ళు వేయిద్దాం," అన్నాడు గవరయ్య.

కాయిల్ అంటే ఏమిటి? ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించేది. ఆ రవ్వ పెట్రోలును అంటిస్తుంది, బండి కదులుతుంది. గట్టు కింద షెడ్డు నడిపే మెకానిక్ మస్తాను వాళ్ళకి ఓపిగ్గా చెప్పాడు.

"మీ పాత కాయిళ్ళు బాగానే ఉన్నాయి బాబూ. బాగున్నవి తీసి ఖరీదైనవి పెడితే బలం రాదు. పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించినా, కాగడాతో వెలిగించినా అన్నం ఒక్కలాగే ఉడుకుతుంది కదా?"

కూర్మారావు తొడ చరిచాడు. "అదీ సంగతి! మనం అగ్గిపుల్ల వాడుతున్నాంరా. అందుకే అన్నం మాడుతోంది!"

అంతే. పక్క కొట్టుకెళ్ళి నాలుగు ఎర్రటి కాయిళ్ళు కొన్నారు. "ఇవి పెట్టాక బండి గాల్లో ఎగిరిపోద్ది సార్!" అన్నాడు కొట్టువాడు. మస్తాను నెత్తి కొట్టుకుంటూనే బిగించాడు.

కూర్మారావు తమ్ముణ్ణి పక్కకి లాగాడు. "ఎగిరితే మీ వదినకి కళ్ళు తిరుగుతాయిరా!"

"బరువేద్దాం అన్నయ్యా."

ఇంకేముంది! కారు తోలుకుని వరహాలమ్మ పుట్టింటికి వెళ్ళారు. అత్తవారి పెరట్లోని రుబ్బురోలు, పొత్రం, తిరగలి, రెండు ఇసుక బస్తాలు కార్లోకెక్కాయి. వాటి మధ్య వరహాలమ్మ ముడుచుకుని కూర్చుంది. కారు గట్టు మొదట్లోనే మూలిగి ఆగిపోయింది.

మస్తాను పరిగెత్తుకొచ్చి లోపలికి తొంగిచూశాడు. "ముందు ఆ బరువు దించండయ్యా!" అని వెళ్ళిపోయాడు.

బస్తాలు దించారు. తిరగలి దించారు. కదల్లేదు. "రోలూ పొత్రమూ దించితే ఎగిరిపోతుందిరా," అన్నాడు కూర్మారావు. ఇద్దరూ ఒకేసారి వరహాలమ్మ వైపు చూశారు.

"నువ్వు కాస్త దిగు వరాలూ. ఇదంతా నీకోసమే కదా!"

ఆవిడ దిగింది. కారు పాకుతూ పాకుతూ గట్టెక్కి ఇంటిముందు ఆగింది.

"ఎక్కిందిరా! కాయిళ్ళంటే ఇవీ!" అని గంతులేశాడు కూర్మారావు.

"ఎక్కింది గానీ, వదినేదన్నయ్యా?"

గంతు మధ్యలోనే ఆగిపోయింది. "కారు మళ్ళీ కిందికి తిప్పాలిరా."

"కారెందుకు? బలమంతా కాయిళ్ళలోనే ఉందిగా!"

ఆ తెలివికి మురిసిపోయి తమ్ముణ్ణి కౌగలించుకున్నాడు కూర్మారావు. నాలుగు కాయిళ్ళూ ఊడబీకి, ఒక పీట, రోట్లోని పొత్రం పట్టుకుని ఇద్దరూ గట్టు దిగారు. పీట నాలుగు మూలల కింద నాలుగు కాయిళ్ళు పెట్టారు. వరహాలమ్మని కూర్చోబెట్టారు. కూర్మారావు పొత్రం ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"గట్టిగా పట్టుకో వరాలూ. లేకపోతే ఎగిరిపోతావ్!"

వరహాలమ్మ పీట వంక చూసింది. మొగుడి వంక చూసింది. పొత్రం తీసి ఆయన చేతుల్లో పెట్టి, చెంగు దోపుకుని పుట్టింటి దారిన విసవిసా నడిచింది.

"చూశావా అన్నయ్యా!" గవరయ్య చప్పట్లు కొట్టాడు. "వదిన ఎంత జోరుగా పోతోందో!"

"జోరుకేంరా," అన్నాడు కూర్మారావు దిగులుగా. "రివర్సు గేర్లో బిగించేశాం."

అని పీటని ఇంటి వైపుకి తిప్పి పెట్టి, పొత్రం ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ వెనక్కి వచ్చేస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.